ఎవరి ఆకలి

ఆవేళ సువార్తకి వాళ్ళక్క దురద పుట్టింది.

పుట్టడం సువార్త వీపు మీదే పుట్టింది. ఎడమ రెక్క కింద, ఏ చెయ్యీ అందని ఆ పాడు చోట చీమ పాకినట్టు మొదలై, చూస్తుండగానే మంటైంది. ఆవిడ ప్రయోగశాల కుర్చీలో కూర్చున్నచోటే మెలికలు తిరిగింది. ఆ అవస్థ చూసి ఎదురుగా నిలబడ్డ డాక్టర్ నౌషీన్ జాలిపడాలి కదా, పండగొచ్చినట్టు సంబరపడింది.

"ఎక్కడ ఆంటీ?"

"రెక్క కిందమ్మా. ప్రాణం పోతోంది. కాస్త గోకు తల్లీ."

"మీకు కాదు ఆంటీ. వెళ్ళి మీ అక్కగారికి గోకండి."

పక్కగదిలో మంచం మీద రూతమ్మ ఉంది. పక్షవాతం ఆవిడ కుడి పక్కనంతా పడేసి, పోతూపోతూ మాట కూడా పట్టుకుపోయింది. మిగిలింది ఎడమ చెయ్యి, అదీ అంతంత మాత్రమే. సువార్త వెళ్ళి అక్కని ఒత్తిగిలించి, జాకెట్టు కిందకి వేళ్ళు పోనిచ్చి ఎడమ రెక్క కింద గోకింది. రూతమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా నిట్టూర్చింది. సరిగ్గా ఆ నిట్టూర్పుతోనే సువార్త వీపు మీది మంట కూడా చల్లారింది. తన వీపు తను తాకనైనా తాకలేదు.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చారు. ఏడవరూ మరి? మంచాన పడ్డ దగ్గర్నుంచీ రూతమ్మ 'ఊ' అని మూలిగినప్పుడల్లా సువార్త దగ్గర ప్రశ్నల దండకం మొదలయ్యేది. మంచినీళ్ళా? దిండా? ఫ్యానా? కాలు తిమ్మిరా? దోమా? అక్క కళ్ళు కాదూ కాదంటుంటే ఈవిడ అడుగుతూనే ఉండేది. చివరికి ఇద్దరూ అలిసిపోయి ఊరుకునేవాళ్ళు. అసలు కోరికేమిటో అక్కడే మంచంలో పడి ఉండేది.

నౌషీన్ కనిపెట్టిన వస్తువు చూడటానికి రూపాయి బిళ్ళంత ఉంటుంది. రెండు బిళ్ళలు ఒక జత. ఒకటి మంచంలో ఉన్న మనిషికి మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట అంటిస్తారు. రెండోది చూసుకునే మనిషికి అదే చోట. ఒళ్ళు తన ఆకలీ దాహం నొప్పీ మెదడుకి చెప్పుకోవడానికి ఆ దారినే పైకి వెళ్ళాలట. మొదటి బిళ్ళ ఆ చెప్పుకోవడం పొంచి విని, రెండోదానికి చేరవేస్తుంది. ఇంక ప్రశ్నలతో పనేముంది? అక్కకి దాహమైతే చెల్లెలి నాలుకే పిడచకట్టుకుపోతుంది.

మంగళగిరి దగ్గరున్న ఆ ప్రయోగశాల నుంచి గుంటూరులో ఇంటికి పంపించే ముందు నౌషీన్ రెండు మాటలు చెప్పింది. ఒకటి, బిళ్ళ అతుక్కున్న చోట చర్మం పొడిగా ఉండాలి, సబ్బూ నూనే తగలకూడదు. రెండోది చెప్పేటప్పుడు సువార్త చెయ్యి పట్టుకుంది.

"రోజూ ఒక గంట మీ బిళ్ళ తీసి పక్కన పెట్టెయ్యాలి. దాన్ని మేం ఖాళీ గంట అంటాం. ఆ గంటలో తినండి, పడుకోండి, మీ ఇష్టం. మీ ఒళ్ళెలా ఉంటుందో మీకు గుర్తుండాలి ఆంటీ. ఇది మందు లాంటిదే అనుకోండి, మానకూడదు."

"అట్టాగేనమ్మా," అంది సువార్త. ఆవిడ కళ్ళు అప్పటికే అక్క మీద ఉన్నాయి. అక్క కాలికింద దుప్పటి మడత ఒకటి తనకి గుచ్చుకుంటోంది మరి.

* * *

రూతమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా ముసలిదైన మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని అదే హాస్టల్లో పెట్టుకుని పెంచింది. తను పెళ్ళి మాట తలపెట్టలేదు. చెల్లెలికి చేసిన పెళ్ళి రెండేళ్ళకే ముగిసిపోయి, సువార్త తెల్లచీరతో తిరిగొస్తే "రావే" అని ఒక్క మాట అని కంచం పెట్టింది. అంతకుమించి ఓదార్పు ఆవిడకి చేతకాదు. భోజనాల వేళ చేతిలో గరిటతో వరసల మధ్య తిరిగేది. అన్నం వదిలేస్తే ఊరుకునేది కాదు. ఎడం చేత్తో తినే పిల్ల కనపడితే మాత్రం ఆ గరిట కాడ వేళ్ళ మీద టక్కున పడేది. అందరూ తిన్నాకే తను తినేది. ఆ అలవాటు సువార్తకీ వచ్చింది. మంచాన ఉన్న మనిషి తినకుండా తను ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆవిడ వల్లకాని పని.

బిళ్ళ ఇంటికొచ్చిన కొత్తలో ఆ ఇల్లు తేలికపడింది. అక్క మూలగకముందే నీళ్ళ గ్లాసు నోటి దగ్గరుండేది. పక్క తడవకముందే బెడ్‌పాన్ కింద ఉండేది. మూడో అంతస్తు వాళ్ళంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఎదురు ఫ్లాటు కోటేశ్వరమ్మ అయితే, "మా ఆయనకి నోరూ కాళ్ళూ శుభ్రంగా ఉండి కూడా ఏం కావాలో నాకీ నలభై ఏళ్ళుగా తెలిసి చావలేదు, ఆ బిళ్ళేదో మాకూ ఒకటి ఇప్పించవే," అని నవ్వింది.

ఖాళీ గంట కూడా మొదట్లో సువార్త బుద్ధిగానే పాటించబోయింది. ఆవిడకి చర్చి క్వయర్లో పాడటమంటే ప్రాణం. కింది శ్రుతిలో పాడే గొంతులు నాలుగుంటే అందులో నిలబడే గొంతు తనదే. శుక్రవారం సాయంత్రం పాటల సాధన. ఆ శుక్రవారం బిళ్ళ తీసి దేవుడి గూట్లో బైబిలు పక్కన పెట్టి, కోటేశ్వరమ్మని అక్క దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. ఎన్నాళ్ళకో నోరారా పాడింది. తిరిగొచ్చేసరికి కోటేశ్వరమ్మ టీవీ సీరియల్లో మునిగి ఉంది. రూతమ్మ తడి పక్కలో, గోడవైపు మొహం తిప్పుకుని ఉంది.

"అయ్యో, అసలు మూలగనైనా మూలగలేదే!" అని కోటేశ్వరమ్మ నొచ్చుకుంది.

ఆవిడ తప్పేముంది? కానీ హాస్టల్లో అందర్నీ గడగడలాడించిన రూతమ్మ, సిగ్గుతో గోడవైపు తిరగడం సువార్త చూడలేకపోయింది. ఆ సాయంత్రం నుంచి ఆవిడ బిళ్ళ మళ్ళీ తియ్యలేదు. నౌషీన్ ఫోన్ చేసి అడిగితే, "తీస్తున్నానమ్మా, రోజూ తీస్తున్నా," అని చెప్పేది. అబద్ధమాడినందుకు ఆదివారం ఆరాధనలో క్షమాపణ అడుగుదామనుకుంది. చర్చికి వెళ్ళడం కూడా మానేసింది కాబట్టి అదీ కుదర్లేదు.

బిళ్ళల మాట ఒకదానికొకటి వినపడటానికి కొంత దూరమే హద్దు. వీధి మలుపు దాటితే సువార్త మెడ వెనక అంతా నిశ్శబ్దమైపోయేది. అక్క ఒళ్ళు ఉన్నట్టుండి మాయమైనట్టుండేది. మొదటిసారి కూరల కోసం వెళ్ళి, ఆ నిశ్శబ్దానికి గుండె జారిపోయి, సంచీ కూడా నింపకుండా పరిగెత్తుకొచ్చింది. తర్వాత మలుపు దాకా వెళ్ళడం మానేసింది. మెట్లు దిగడం మానేసింది. కూరలు కోటేశ్వరమ్మ తెచ్చిపెట్టేది. చివరికి వంటింటికీ మంచానికీ మధ్య ఉన్న ఆ కాస్త మేరా ఆవిడ లోకమైంది. మంచంలో ఒకరు, మంచం చుట్టూ ఒకరు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కదల్లేకుండా ఉన్నారో చెప్పడం కష్టం.

ఇంకొక సంగతి కూడా జరిగింది. దాన్ని ఆవిడ పట్టించుకోలేదు. రూతమ్మ కడుపు నిండితే సువార్తకీ కడుపు నిండినట్టుండేది. అక్క మధ్యాహ్నం కునుకు తీస్తే, వంటిల్లు కడుగుతున్న తనకీ హాయిగా ఉండేది. అక్కకి పెట్టి, గిన్నెలు కడిగి, తన కంచం ముందు కూర్చుంటే అన్నం సయించేది కాదు. "ఇప్పుడేగా తిన్నాం," అనిపించేది. తిన్నది ఎవరో ఆవిడకి తట్టేది కాదు. జాకెట్లు వదులయ్యాయి. భుజాల దగ్గర పిన్నీసు పెట్టుకుని సరిపెట్టుకుంది.

* * *

క్రిస్మస్ దగ్గర పడుతుండగా సువార్తకి మాడు పొడిబారి లాగడం మొదలైంది. అది అక్క మాడే. రూతమ్మకి జీవితమంతా శనివారం తలనిండా కొబ్బరినూనె పడాల్సిందే. బిళ్ళ వచ్చాక నూనె మాట లేదు. ఆ లాగడం సువార్తకి నాలుగైదు రోజులు నిద్రపట్టనివ్వలేదు. నౌషీన్ చెప్పిన మాట గుర్తుంది. కానీ నౌషీన్ మాడు లాగడం లేదు కదా.

శనివారం పొద్దున్న గోరువెచ్చని నూనె తెచ్చి, బిళ్ళకి దూరంగా, నడినెత్తినే అద్దుదామనుకుంది. అద్దుతుంటే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. రూతమ్మ కళ్ళు సగం మూతపడ్డాయి. సువార్త చేతులు ఆగలేదు. నడినెత్తి నుంచి పాపిటకి, పాపిట నుంచి చెవుల వెనక్కి. తర్వాత మెడ తుడిచి చూసింది. బిళ్ళ మీది పచ్చచుక్క ఎప్పట్లాగే వెలుగుతోంది. హమ్మయ్య అనుకుని ఆ తర్వాత ప్రతి శనివారమూ నూనె పెట్టింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఆ ఆకలి మొదలైంది.

అలాంటి ఆకలి సువార్త ఎప్పుడూ ఎరగదు. పొద్దున్న రాగిజావ తాగించిన కాసేపటికే కడుపులో రంపం పెట్టి కోసినట్టుండేది. మళ్ళీ జావ కలిపి తెచ్చేది. రూతమ్మ రెండు చెంచాలు మింగి పెదవులు బిగించేది. "ఆకలితో మాడిపోతున్నావు, నాకు తెలుస్తోంది గదా, తాగక్కా," అని బతిమాలి, బుజ్జగించి, బుగ్గలు నొక్కి పట్టేది. గిన్నె ఖాళీ అయ్యేది. ఆకలి మాత్రం ఇసుమంత తగ్గేది కాదు. పెట్టినకొద్దీ పెరిగేది. అక్కకి లోపల ఏదో మాయరోగం పుట్టి, తిన్నదాన్ని ఒంటపట్టనివ్వడం లేదని సువార్త హడలిపోయింది.

పైగా ఆ ఎడమ చెయ్యొకటి. జావ పెట్టేటప్పుడల్లా రూతమ్మ చెయ్యి వణుకుతూ లేచి, చెంచాని పట్టుకుని అవతలికి తోసేది. జావంతా సువార్త చీర మీద ఒలికేది. చేతికి కూడా పట్టు తప్పిపోతోందని సువార్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒలకకుండా ఉండాలని, పెట్టే ముందు ఆ చేతిని దుప్పటి కింద దోపి, దుప్పటి అంచు పరుపు కిందకి నెట్టడం మొదలుపెట్టింది. రూతమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసేది. ఆ చూపు సువార్తకి కనపడలేదు. కళ్ళలోకి చూసి కనుక్కోవలసిన అవసరం తీరిపోయి చాలాకాలమైంది.

ఆకలితోపాటు నడుము. నడుం కింద ఎముకలో ఇనపచువ్వ దించినట్టు నొప్పి. పుండు పడిందేమోనని రోజూ అక్కని అటూ ఇటూ తిప్పి, దీపం పట్టుకుని వెతికేది. చర్మం పసిపిల్ల చర్మంలా నున్నగా ఉండేది. వెతకడానికి వంగినకొద్దీ నొప్పి ఎక్కువయ్యేది. పాపం లోలోపల ఎంత బాధపడుతోందో అని, డాక్టరు ఎప్పుడో అవసరానికని ఇచ్చిన నొప్పి మందు ఒక మూత పట్టింది. తగ్గలేదు. పూటపూటకీ పట్టసాగింది. రూతమ్మ పగలంతా మగతలో ఉండేది. నొప్పి మాత్రం మగతలో కూడా తగ్గేది కాదు.

శుక్రవారం సాయంత్రాలు కిటికీలోంచి చర్చి పాటలు వినపడేవి. క్వయరు ఎత్తుకోగానే సువార్తకి గొంతులో ఉండ అడ్డంపడేది. అక్కకి గొంతు పట్టేసిందనుకుని, చెంచాతో నీళ్ళు పోసేది.

"ఏందే ఇది?" అంది ఒకరోజు కోటేశ్వరమ్మ కూరలు దింపుతూ. "మీ అక్క బూరెలా ఉబ్బింది, నువ్వు చూస్తే గాలికి ఎగిరిపోయేట్టున్నావు. అసలు తింటున్నావా?"

"నాకేం పిన్నీ, నేను బానే ఉన్నా. అక్కకే, ఎంత పెట్టినా ఆకలి తీరట్లా. నడుము నొప్పి. ఊపిరి కూడా ఆడట్లేదు, ఎవరో గదిలో పెట్టి తాళం వేసినట్టుగా ఉంటోంది దానికి. తలుపు తీసుకుని ఎటన్నా పారిపోదామని ఉంటోంది. లేవలేని మనిషికి ఆ బాధేంది పిన్నీ?"

కోటేశ్వరమ్మ ఖాళీ సంచీ మడుచుకుని వెళ్ళిపోయింది. బిళ్ళల సంగతి తనకేం తెలుసు.

మర్నాడు పొద్దున్న మగతలో ఉన్న రూతమ్మకి జావ పడుతుంటే పొరబోయింది. దగ్గు రాలేదు. మొహం నల్లబడిపోయింది. సువార్త గిన్నె కింద పడేసింది. అక్కని పక్కకి తిప్పి వీపు మీద చరిచింది, చరిచింది, చివరికి జావ బయటికొచ్చి ఊపిరందింది. వెంటనే నౌషీన్‌కి ఫోన్ చేసింది.

"అమ్మా, అక్క ఆకలితో, నొప్పితో చచ్చిపోతోందమ్మా. మందు ఎక్కువ చెయ్యమంటావా? ఎంత పట్టమంటావు?"

"మందు ఆపండి. తిండి ఆపండి. ఏమీ పెట్టకండి ఆంటీ. నేను బయల్దేరుతున్నా," అంది నౌషీన్.

* * *

నౌషీన్ వచ్చీ రాగానే రూతమ్మ గుండె, ఊపిరి చూసింది. గండం తప్పినట్టే అంది. మగత దిగే దాకా కూర్చుంది. రూతమ్మ కళ్ళు తేటపడ్డాక సువార్తని వంటింట్లోకి పంపి తలుపు వేసింది. ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ఐసుముక్కని గుడ్డలో చుట్టి, రూతమ్మ ఎడమ అరచేతిలో పెట్టింది. రూతమ్మ చెయ్యి చివాల్న వెనక్కి లాక్కుంది.

"ఆంటీ, ఏమన్నా తెలిసిందా?" అని నౌషీన్ తలుపవతలికి వినపడేలా గట్టిగా అడిగింది.

"ఏమీ లేదమ్మా. ఆకలొకటే."

ఐసు మెడ మీద పెట్టింది. పాదం మీద పెట్టింది. "ఇప్పుడు?"

"ఆకలమ్మా. నడుమూ."

నౌషీన్ రూతమ్మ మెడ వెనక బిళ్ళ ఊడదీసింది. అది అంటుకున్న చోట నుంచి జిడ్డుగా జారి వచ్చింది. కొబ్బరినూనె వాసన గుప్పుమంది. పచ్చచుక్క మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. పాపం దానికి కరెంటు ఉందో లేదో చెప్పడమే తెలుసు, ఒంటికి తగిలి ఉందో లేదో తెలీదు. నౌషీన్ వంటింట్లోకి వచ్చి, సువార్త మెడ వెనక బిళ్ళ కూడా తీసి బల్ల మీద పెట్టింది. చాన్నాళ్ళకి గాలి తగిలిన ఆ చోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ. ఆకలేస్తోందా?"

సువార్త కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఆఁ. అక్కకి..." అని ఆగింది. బల్ల మీద రెండు బిళ్ళలూ పక్కపక్కన పడున్నాయి.

"నూనె ఎప్పుడు పెట్టారు?"

"క్రిస్మస్‌కి ముందు నుంచి, ప్రతి శనివారం. మాడు లాగుతుంటే..."

"వారం వారం ఆ నూనెకి బిళ్ళ కొంచెం కొంచెంగా పట్టు వదిలింది ఆంటీ, ఈ ఆకలి మొదలైన దగ్గర్నుంచీ మీకు అక్కగారి నుంచి ఏమీ రాలేదు. ఒక్క చీమ కుట్టినంత కూడా రాలేదు."

సువార్త కుర్చీ కోసం వెతుక్కుంది. కుర్చీ దొరక్క గట్టుకి ఆనుకుంది. "మరి ఆ నడుము నొప్పి?"

నౌషీన్ ఆవిడ నడుము మీద చెయ్యి వేసింది.

"శుక్రవారం గొంతులో అడ్డం పడేది?"

"మీదే ఆంటీ."

"పారిపోవాలనిపించేది?" అని అడిగింది సువార్త బాగా చిన్న గొంతుతో. అడిగి, మొహం చేతులతో కప్పుకుంది. అన్నిటికన్నా అదే ఆవిడకి సిగ్గనిపించింది. అక్క కోరిక అనుకున్నన్నాళ్ళూ జాలిపడింది. తనదని తెలిసేసరికి దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టుంది.

"నా నొప్పికి దానికి మందు పోశానమ్మా. నా ఆకలికి దాని గొంతులో కుక్కాను. చంపేసేదాన్ని."

"బిళ్ళ పనిచేసినప్పుడు ఆవిడ నిండిన కడుపు మీ ఆకల్ని జోకొట్టింది. మీరు నెలల తరబడి తినలేదు. అది ఆగగానే మీ ఒళ్ళు ఒక్కసారి అరిచింది. కానీ అప్పటికి మీ గొంతు మీరే గుర్తుపట్టలేదు." నౌషీన్ గోడవైపు చూస్తూ మాట్లాడింది. "తప్పు నాది ఆంటీ. మొదట చేసిన బిళ్ళ రోజుకో గంట దానంతటదే ఆగిపోయేది. చూసుకునేవాళ్ళందరూ గోలపెట్టారు. ఆ గంట భరించలేకపోతున్నాం అని ఏడ్చారు. అందరూ మెచ్చుకుంటే తొందరగా బయటికొస్తుందని నేనా ఏర్పాటు తీసేశాను. మీ చేతుల్లో పెట్టాను. మీరు తీస్తున్నానంటే నమ్మాను. నమ్మడం నాకూ సుఖంగానే ఉంది. ఇంకా ఎంతమంది ఇళ్ళలో ఇలా ఉందో..."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఎంత చదివితేనేం, ఆ నిమిషాన సువార్తకి హాస్టల్లో లెక్కతప్పి వార్డెను ముందు నిలబడ్డ పిల్లలా కనపడింది.

"కొత్త జత తెస్తావా?" అనడిగింది సువార్త.

నౌషీన్ తలెత్తి చూసింది. "మళ్ళీ కావాలా?"

"కావాలి. అది లేకపోతే దాని దాహం నాకెట్టా తెలుస్తుంది?" సువార్త చెయ్యి అప్పటికే మెడ వెనక ఆ తెల్లటి చోటు తడుముకుంటోంది. "అయితే ఆ గంట మాత్రం నా చేతిలో పెట్టమాక తల్లీ. నేను తియ్యను. నువ్వు కన్నీళ్ళు పెట్టుకుని చెప్పినా తియ్యను, నా సంగతి నాకు తెలుసు. దానంతటది ఆగిపోయేట్టు చెయ్యి. నేను గోలపెట్టినా వినమాక."

నౌషీన్ తలూపింది. మధ్యాహ్నం దాటాక కొంచెం జావ పెట్టొచ్చనీ, కొత్త జత తయారవడానికి కొన్నాళ్ళు పడుతుందనీ చెప్పి, రెండు బిళ్ళలూ పట్టుకుని వెళ్ళిపోయింది. రోజూ ఒక మనిషిని పంపిస్తానని కూడా చెప్పింది. మనిషి రావడం రేపట్నుంచి. ఇవాళ మాత్రం ఎవరూ లేరు.

* * *

మధ్యాహ్నం దాటింది. సువార్త రాగిజావ కాసి, ఎప్పట్లాగే అక్క ఎడమ చేతిని దుప్పటి కింద దోపి, గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. కూర్చున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. మెడ వెనక ఏమీ లేదు. గోడవతల మాట ఆగిపోయినట్టుంది. అక్కకి ఆకలేస్తోందో, లేదో, దాహమో, ఏమీ తెలీదు. మళ్ళీ మొదటికొచ్చింది. పరిగెత్తుకెళ్ళి నౌషీన్‌ని వెనక్కి పిలుద్దామనిపించింది.

"అక్కా," అంది. అడగడం చాలాకాలం తర్వాత ఇదే. "ఆకలేస్తోందా?"

అడిగి, ఇక వేరే దారి లేక అక్క మొహంలోకి చూసింది. రూతమ్మ మొహం ఉబ్బింది. కళ్ళ కింద నల్లచారలు. కళ్ళు మాత్రం హాస్టల్లో వరసల మధ్య తిరిగిన కళ్ళే. అవి చెల్లెలి మొహం మీద నుంచి గిన్నె మీదకీ, గిన్నె మీద నుంచి దుప్పటి మీదకీ దిగాయి. దుప్పటి కింద ఏదో కదులుతోంది.

సువార్త దుప్పటి అంచు పరుపు కింద నుంచి లాగింది. ఎడమ చెయ్యి వణుకుతూ బయటికొచ్చింది. వచ్చి, గిన్నెలో చెంచాని తడుముకుని పట్టుకుంది. సువార్త అలవాటు కొద్దీ ఆ చేతిని ఆపబోయి, ఆగింది.

చెంచా పైకి లేచింది. సగం జావ దారిలోనే ఒలికింది. రూతమ్మ నోటివైపు రాలేదది. వంకరటింకరగా, ఆగి ఆగి, అవతలికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఎటు తోస్తోందో సువార్త చూడనేలేదు. చెంచా తన పెదవులకి తగిలి ఆగింది.

రూతమ్మ గుడ్లురిమింది. అన్నం వదిలేసిన పిల్లల్ని చూసిన చూపది.

"ఎడం చెయ్యక్కా," అంది సువార్త. నవ్వబోతే ఏడుపొచ్చింది. "ఎడం చేత్తో పెడుతున్నావు."

చెంచా కదల్లేదు. సువార్త నోరు తెరిచింది.

జావ నాలుకకి తగలగానే మొహం చిట్లించుకుంది. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. ఎన్నాళ్ళ నుంచి వెయ్యడం మర్చిపోయిందో, ఒక్కసారి రుచి చూస్తే కదా తెలిసేది. ఈ చప్పటి జావే అక్క చేత పూటపూటకీ తాగించింది. సువార్త తలెత్తి చూసింది. రూతమ్మ నోరు ఎడమ పక్కకి వంకరపోయి ఉంది. కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ నవ్వుతోంది.

సువార్త ఉప్పు తెస్తానని లేవబోయింది. రూతమ్మ లేవనివ్వలేదు. వణికే చేత్తో చెంచా మళ్ళీ గిన్నెలో ముంచింది.